పెద్ద వయసులో దత్తత వచ్చిన పిల్లలతో ఫస్ట్ టైంలు: గోదారి జిల్లాలో మేం నేర్చుకున్న పద్ధతి, స్టెప్ బై స్టెప్

మా అమ్మాయి మా ఇంటికి వచ్చేసరికి తనకి తొమ్మిదేళ్ళు. పేరు ఇక్కడ రాయట్లేదండి, ఏ హోమ్ నుంచి వచ్చింది, అంతకు ముందు ఏం జరిగింది అనేది కూడా రాయను, అది తన కథ, పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే తనే చెప్పుకుంటుంది. నేను రాసేది మా వైపు సంగతి మాత్రమే, మేం ఎక్కడ తొందరపడ్డాం, తర్వాత ఎలా సర్దుకున్నాం అన్నది.

మాది రాజోలు వైపు ఒక ఊరు. మేం కారాలో, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, రిజిస్టర్ చేసుకునేటప్పటికి మా ఇద్దరి వయసూ కలిపితే 103. ఆ లెక్కన చంటిపిల్లల కోసం మాకు అర్హత లేదు, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల కోసమైతే భార్యాభర్తల వయసు కలిపి 110 దాకా ఉండొచ్చు. సరే, దేవుడు మనకి పెద్ద పిల్లనే రాసిపెట్టాడు అనుకున్నాం. కానీ లోపల ఒక దిగులు ఉంటుంది చూడండి, అన్నప్రాసన చూడలేదు, మొదటి అడుగు చూడలేదు, పలక పట్టించి అక్షరాభ్యాసం చేయించలేదు, ఇవన్నీ పోయాయి కాబట్టి మిగిలినవైనా మన చేతుల మీదుగా జరగాలి అని. ఆ ఆత్రంలో మొదటి రెండు నెలల్లోనే సముద్రం, సినిమా, దిండిలో పడవ, తీర్థం అన్నీ తిప్పేశాం. పిల్ల రోజురోజుకీ మాటలు తగ్గించేసింది, రాత్రిళ్ళు నిద్ర పోయేది కాదు. మాకేమో అర్థం కాలా, ఇన్ని చూపిస్తుంటే ఇదేంటి అని.

తర్వాత తెలిసింది ఏంటంటే, కొత్తది ఏదైనా సరే ఆ పిల్లల ఒంటికి ముందు భయంగానే చేరుతుంది. వాళ్ళ జీవితంలో "కొత్త" అంటే చాలాసార్లు చోటు మారడం, మనుషులు మారడం. మనకి సరదా, వాళ్ళకి అదో పరీక్ష. అందుకని ఫస్ట్ టైంని కూడా ఒక పద్ధతిగా చెయ్యాలి. అదే కింద రాస్తున్నా.

స్టెప్ 1: ఏది ఫస్ట్ టైమో ముందు తెలుసుకోండి

మనం అనుకునేవి ఫస్ట్ టైంలు కాకపోవచ్చు, మనకి లెక్కలోకే రానివి అయ్యుండొచ్చు. మా అమ్మాయి సముద్రం అప్పటికే మూడుసార్లు చూసింది, హోమ్ వాళ్ళు తీసుకెళ్ళారు. కానీ ఫ్రిజ్ తలుపు తన చేత్తో ఎప్పుడూ తియ్యలేదు. పది రూపాయలు చేతిలో పట్టుకుని కొట్టుకి వెళ్ళలేదు. బియ్యం కడగడం దగ్గర్నుంచి అన్నం వార్చడం దాకా పక్కన నిలబడి చూడలేదు, హోమ్‌లో అన్నం పెద్ద గుండిగల్లో వండేసి బయటికి వచ్చేస్తుంది కదా. తాళంచెవి పట్టుకోలేదు. ఒక్కతే ఒక గదిలో పడుకోలేదు.

మీకు ఫలానా పిల్ల అని మ్యాచ్ అయినప్పుడు పిల్ల వివరాలు రాసిన చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టు చూపిస్తారు. అవి చదవండి, కానీ అందులో ఇలాంటివి ఉండవు. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆయమ్మలు ఉంటారు, వాళ్ళతో ఒక పూట కూర్చోండి. ఏం తింటుంది, దేనికి ఉలిక్కిపడుతుంది, కరెంటు పోతే ఏం చేస్తుంది, నీళ్ళంటే భయమా, కుక్కలంటే భయమా, పక్కన ఎవరు పడుకునేవాళ్ళు, ఎవరితో స్నేహం. ఒక నోటుబుక్కులో రాసుకోండి. మాకు ఆ ఆయమ్మ చెప్పిన ఒక్క మాట ఏడాది పొడుగునా పనికొచ్చింది: "దానికి డప్పు శబ్దం పడదమ్మా." నేను రాసుకున్నాను గానీ సంక్రాంతికి మర్చిపోయాను, ఆ సంగతి తర్వాత చెప్తా.

ఇంకోటి, పిల్లని మనింటికి పంపాక రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి ఫాలో అప్‌కి వస్తారు. చాలామంది దాన్ని ఇన్‌స్పెక్షన్‌లాగా భయపడి ఇల్లు కడుక్కుని కూర్చుంటారు. వద్దండి, ఆ వచ్చే సోషల్ వర్కర్‌ని మీ సందేహాలన్నీ అడగండి, వాళ్ళు ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూసి ఉంటారు.

స్టెప్ 2: ముందే చెప్పండి, సర్‌ప్రైజ్‌లు వద్దు

ఇది నాకు చాలా ముఖ్యం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా.

వచ్చిన మూడో వారం అనుకుంటా, ఆదివారం పొద్దున్నే మా ఆయన "రామ్మా, కారెక్కు, ఒక చోటికి వెళ్దాం" అన్నారు, సర్‌ప్రైజ్‌గా ఆత్రేయపురం తీసుకెళ్ళి పూతరేకులు చెయ్యడం చూపిద్దాం అని. పిల్ల సరే అని లోపలికి వెళ్ళింది, పది నిమిషాలైనా రాదు, వెళ్ళి చూస్తే తన బట్టలన్నీ మడత పెట్టి బ్యాగులో సర్దేసుకుంది. సబ్బుపెట్టె, దువ్వెన కూడా. ఏడవట్లేదు, ఏం అడగట్లేదు, రెడీగా నిలబడింది. తన అనుభవంలో కారెక్కడం అంటే అదే మరి. నేను అక్కడే కింద కూర్చుండిపోయానండి.

అప్పట్నుంచి మేం ఏం చేస్తామంటే, ఎక్కడికైనా వెళ్ళే ముందురోజు సాయంత్రం ఒక తెల్లకాగితం మీద బొమ్మలు గీస్తాం. ఇల్లు, తర్వాత కారో బస్సో, తర్వాత ఆ చోటు, అక్కడ ఎవరుంటారు, ఏం తింటాం, బాత్రూమ్ ఎక్కడ, ఎంతసేపు, చివర్లో మళ్ళీ ఇల్లు. ఆ చివరి ఇల్లు బొమ్మ తప్పనిసరి. దాన్ని తన చేతే గీయించండి. నోటితో కూడా "తిరిగి మనింటికి వచ్చేస్తాం" అని చెప్పాలి, పెద్దపిల్ల కదా తెలీదా అనుకోకండి, పన్నెండేళ్ళ పిల్లలకైనా ఆ మాట వినాలనే ఉంటుంది.

రెండోది, ఒక గుర్తు పెట్టుకోండి. మా గుర్తు చెయ్యి రెండుసార్లు నొక్కడం. నొక్కిందంటే వెళ్ళిపోదాం అని అర్థం, కారణం అడగకూడదు, "ఇంకొంచెం సేపు" అనకూడదు, మొహం మాడ్చుకోకూడదు. అమలాపురంలో సినిమాకి వెళ్ళినప్పుడు టైటిల్స్ పడ్డ ఐదు నిమిషాలకే నొక్కింది. ముగ్గురం లేచి వచ్చేశాం. టికెట్ల డబ్బులు పోయాయి, పోనివ్వండి, ఆ రోజు తను చూసింది సినిమా కాదు, మేం మాట మీద నిలబడతామా లేదా అన్నది. ఆ తర్వాత మూడు చోట్ల అలాగే పరీక్ష పెట్టింది, నాలుగోసారి నుంచి నొక్కడం తగ్గిపోయింది.

స్టెప్ 3: ఇంట్లోవి ముందు, ఊళ్ళోవి తర్వాత, ఊరి బయటివి ఆ తర్వాత

మేం దీన్ని తిరగేసి చేశాం, మీరు చెయ్యకండి. కనీసం మొదటి మూడు నెలలు ఇంటి చుట్టూనే ఉండేలా చూసుకోండి.

కంచంతో మొదలుపెట్టండి. మన స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేరు చెక్కుతారు కదా, పిల్లని తీసుకెళ్ళి కంచం, గ్లాసు తననే ఎంచుకోమని పేరు చెక్కించండి. ఏ పేరు చెక్కించాలో కూడా తననే అడగండి. కొత్త పేరు పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్ళకి ఉండొచ్చు, మా అత్తయ్యగారికి కూడా ఉండేది, కానీ తొమ్మిదేళ్ళు పిలిపించుకున్న పేరు తీసేస్తే ఆ పిల్లకి తనదంటూ ఇంకేం మిగుల్తుంది. మా అమ్మాయి పాత పేరే చెక్కించుకుంది. ఆ మిషను గీస్తున్నంతసేపూ కళ్ళార్పకుండా చూసింది.

తిండి విషయం. తలగడ కింద బిస్కెట్లు, బ్యాగులో అరటిపళ్ళు, స్కూలు బాక్సులోంచి మిగిల్చిన ఇడ్లీ ఇలాంటివి దొరుకుతాయి. తిట్టకండి, నలుగురిలో అనకండి, అది దొంగతనం కాదు, మళ్ళీ దొరుకుతుందో లేదో అన్న జాగ్రత్త. మేం ఏం చేశామంటే వంటింట్లో కింద అరలో ఒక డబ్బా తనకి ఇచ్చేశాం, జంతికలు, మామిడితాండ్ర ముక్కలు, వేరుశనగ ఉండలు వేసి, ఇది నీది, ఎప్పుడైనా తినొచ్చు, రాత్రి పన్నెండింటికైనా సరే, ఖాళీ అయితే మళ్ళీ నింపుతాం అని. నిజంగానే రోజూ నింపాలి. ఒక్కరోజు మర్చిపోయినా మళ్ళీ మొదటికి వస్తుంది. మా ఇంట్లో ఏడు నెలలకి తలగడ కింద సరుకు ఆగింది.

పడక: సొంత గది, గులాబి రంగు గోడలు అని ఉత్సాహంగా రెడీ చేస్తాం. హాల్లో ఇరవై మంది పక్కపక్కన పడుకునే అలవాటున్న పిల్లకి ఆ నిశ్శబ్దమే భయం. మా అత్తయ్యగారి మంచం పక్కన పరుపు వేశాం, మామ్మ గురక వింటూ పడుకుంది. గది సంగతి ఏడాదిన్నర తర్వాత తనే అడిగింది.

కొట్టు: ఇరవై రూపాయలిచ్చి వీధి చివరి కిరాణా కొట్టుకి పంపండి, మొదట మీరు గుమ్మంలో నిలబడి కనపడుతూ ఉండండి. కొట్టు ఆయనకి ముందే చెప్పి ఉంచండి, ఎవరి పిల్లవి అని ఆరా తియ్యొద్దని. చిల్లర తక్కువొచ్చినా, వేరే వస్తువు తెచ్చినా పర్లేదు. తాళంచెవి కూడా ఇంతే, ఒక డూప్లికేట్ చేయించి ఇచ్చెయ్యండి. బయట మనుషులు వేసిన తాళాల లోపల పెరిగిన పిల్లకి తన చేత్తో తన ఇంటి తాళం తియ్యడం ఎంత పెద్ద సంగతో అని నేను ముందు అనుకోలేదు.

స్టెప్ 4: బట్టలు

పండక్కి బట్టల షాపుకి తీసుకెళ్ళి "నీకు ఏది కావాలంటే అది తీసుకో" అన్నాం. గంటసేపు కదలకుండా నిలబడింది, చివరికి నా మొహం చూసి నాకు నచ్చిందేదో దాన్నే చూపించింది. వందల బట్టల్లోంచి ఒకటి తీసుకోవడం అనేది ఎప్పుడూ చెయ్యని పని. తర్వాత నుంచి ఇంటి దగ్గరే ఫోన్‌లో మూడు చూపించి ఒకటి ఎంచుకోమనేదాన్ని, మూడు నుంచి ఐదు, ఐదు నుంచి షాపు.

ఇంతకంటే మంచిది ఏంటంటే, గుడ్డ కొని టైలరమ్మ దగ్గర కుట్టించడం. ఎవరో ఇచ్చిన సంచుల్లోంచి సరిపోయింది వేసుకున్న పిల్లకి తన కొలతలతో ఒక గౌను అనేది వేరే. కానీ కొలతలు తియ్యడం అంటే ఒంటి మీద చెయ్యి వెయ్యడం, అది కొంతమంది పిల్లలకి అస్సలు కుదరదు. ముందే అడగండి. మా టైలరమ్మ మంచి మనిషి, టేపు తన చేతికే ఇచ్చి "నువ్వే పట్టుకో తల్లీ, నేను నంబరు చదువుతా" అంది. ఆ ఐడియా అందరికీ చెప్తుంటాను.

స్టెప్ 5: గోదారి

ఇక్కడ పెరిగే పిల్లకి గోదారి తెలియకపోతే ఎలా అని మా ఆయన. నిజమే, కానీ నీళ్ళు మెల్లగా పరిచయం చెయ్యాలి. మా వరస ఇది: ముందు ఇంటి దగ్గర పంటకాలవ, గట్టు మీద కూర్చుని కాళ్ళు పెట్టడం. తర్వాత ఏటిగట్టు మీద సాయంత్రం నడక, లంకల్లోంచి గేదెలు తిరిగొచ్చే టైముకి. తర్వాత పంటి, అంటే రేవు దాటించే పెద్ద పడవ.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటి మీద గోదారి వసిష్ఠ పాయ దాటడం ఫస్ట్ టైంలకి చాలా బావుంటుందండి, ఎందుకంటే తక్కువసేపు, అవతలి గట్టు కనపడుతూనే ఉంటుంది, బళ్ళు కూడా ఎక్కుతాయి కాబట్టి పిల్లలకి పడవలాగా కాకుండా కదిలే రోడ్డులాగా అనిపిస్తుంది. మొదటి రోజు ఎక్కకండి. రేవులో కూర్చుని రెండు ట్రిప్పులు వెళ్ళడం, రావడం చూపించండి, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తున్నారని తను చూడాలి. రెండో రోజు ఎక్కండి. మధ్యలో నిలబడండి, అంచుకి వద్దు, లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. వర్షాకాలం ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఈ ప్లానే పెట్టుకోకండి.

రైలు ఎక్కలేదంటే రాజమండ్రిలో ఎక్కి కొవ్వూరులో దిగండి, వంతెన మీదుగా గోదారి దాటడమే ఆ ప్రయాణం మొత్తం. పక్కనే ఖాళీగా నిలబడ్డ పాత హేవ్‌లాక్ వంతెన చూపించి, అది 1900 నుంచి 1997 దాకా దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసి రిటైర్ అయింది అని చెప్తే మా అమ్మాయి "మరి ఎందుకు పడగొట్టలేదు?" అంది. పాతదైనా మనదే కదా అన్నారు మా ఆయన. కాసేపు ఏం మాట్లాడలేదు తను. రూపాయి బిళ్ళ చేతికిచ్చి గోదారిలో వెయ్యమన్నాం, వెయ్యలేదు, జేబులో పెట్టుకుంది. మేం బలవంతపెట్టలేదు.

ధవళేశ్వరం బ్యారేజీ కూడా చూపించండి, కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేయించాకే ఈ డెల్టా ఇలా పచ్చబడింది అని మనందరం చెప్పుకునేదే కదా. అది సరదాకి మాత్రమే కాదు, దానివల్ల వరద భయం తగ్గుతుంది. జూలై, ఆగస్టుల్లో టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక అని ఎర్రక్షరాలు వచ్చేసరికి మా అమ్మాయి మళ్ళీ బ్యాగు సర్దింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాం, బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది, మనూళ్ళో నీళ్ళు ఎంతదాకా వస్తాయి, వస్తే ఎవరింటికి వెళ్తాం, ఎవరెవరు కలిసి వెళ్తాం. ఆ "కలిసి" అన్నది నొక్కి చెప్పాం. రోజూ పేపర్లో అడుగులు చూసి గోడ మీద రాసేది. చేతిలో లెక్క ఉంటే భయం కొంచెం దారిలోకి వస్తుంది.

సముద్రానికి అంతర్వేది వెళ్తే సంగమం దగ్గర నీళ్ళలోకి మాత్రం దించకండి, అక్కడ నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ తోసుకునే చోటు. ఇసకలో కూర్చోండి చాలు.

స్టెప్ 6: పండగలు, తీర్థాలు

ఇక సంక్రాంతి సంగతి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళాం. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన వాటి మీద, వచ్చే చోటు, కౌశిక కాలవ దాటించి భుజాల మీద మోసుకొస్తుంటే మన ఒళ్ళు పులకరిస్తుంది. పిల్లకి ఆ డప్పులు, బాణాసంచా, జనం కలిసి చెవుల్లోంచి లోపలికి దూరిపోయినట్టయింది. చెవులు మూసుకుని పంటచేలో కూర్చుండిపోయింది, లేపితే లేవదు, చెయ్యి నొక్కడానికి కూడా చెయ్యి దొరకలేదు ఆ తోపులాటలో. నోటుబుక్కులో రాసుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నా తప్పే అది.

మరుసటి ఏడాది వేరేగా చేశాం. పండక్కి ముందు ఊళ్ళో ప్రభ కట్టేచోటికి రోజూ సాయంత్రం తీసుకెళ్ళాం. వెదురు బద్దలు వంచడం, రంగు గుడ్డలు చుట్టడం, కుచ్చులు కట్టడం. రెండోరోజుకి అక్కడి వాళ్ళు ఆ పిల్ల చేతికి కూడా కుచ్చులు ఇచ్చారు. కనుమ నాడు తీర్థానికి వెళ్ళలేదు, మా వీధిలోంచి ప్రభ బయల్దేరేటప్పుడు మేడ మీద నుంచి, చెవుల్లో దూది పెట్టుకుని, "ఆ ఎర్రకుచ్చు నేను కట్టిందే" అని చూపించింది. పెద్ద పండగలో చిన్న ముక్క మాత్రమే ఇవ్వండి, మొత్తం ఒక్కసారే పెట్టకండి.

భోగిపళ్ళు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా. పక్కింటి మూడేళ్ళ బాబుకి రేగిపళ్ళు, చిల్లర, బంతిపూల రేకలు కలిపి తల మీద పోస్తుంటే మా అమ్మాయి గుమ్మం పక్కన నిలబడి చూసింది. రాత్రి మామ్మని అడిగిందట, "చిన్నప్పుడు పొయ్యకపోతే ఇంక పొయ్యరా?" అని. మా అత్తయ్యగారు ఒక్క నిమిషం ఆలోచించలేదు, రాత్రి ఎనిమిదింటికి పీట వేసి, దిష్టి తీసి, పోసేశారు. ఇంట్లో మేం నలుగురమే. పదేళ్ళ పిల్లకి భోగిపళ్ళేంటి అనే జనం ఉంటారు, అననివ్వండి. దాటిపోయాయి అనుకున్న వాటిలో కొన్ని ఇలా ఇంట్లో, తలుపేసుకుని జరుపుకోవచ్చు, పిల్ల అడిగితేనే సుమా. మనకి ఆశగా ఉందని ఉయ్యాల కట్టి కూర్చోబెట్టకూడదు.

2027లో పుష్కరాలు వస్తున్నాయి, చాలామంది పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటారు. 2015లో రాజమండ్రిలో మొదటి రోజే తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయిన సంగతి మనకి తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లతో మొదటి రోజు వద్దు, పెద్ద ఘాట్లు వద్దు, మధ్యలో ఒక మామూలు రోజు, ఊరి రేవులో చాలు.

స్టెప్ 7: పుట్టినరోజు జాగ్రత్త

చాలామంది పిల్లల కాగితాల్లో ఉన్న తేదీ అంచనాగా వేసింది అయ్యుంటుంది. ఆ సంగతి పిల్లకి కూడా తెలిసి ఉంటుంది. అదీకాక హోమ్‌లలో కేకు అంటే ఎవరిది? మన ఊళ్ళలో మంచి మనసుతోనే తమ పిల్లల పుట్టినరోజుకి అనాథ పిల్లలకి భోజనాలు పెట్టిస్తాం, కేకు కోస్తాం, ఫోటోలు దిగుతాం, వెళ్ళిపోతాం. ఆ పిల్లలు ఎవరెవరి పుట్టినరోజులకో ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టి ఉంటారు. మా అమ్మాయికి మొదటి పుట్టినరోజున కేకు ముందు నిలబెడితే తను కొయ్యలేదు, పక్కకి జరిగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. నేను రాయాల్సింది ఇంతేనండి, దాని గురించి ఇంకా రాయలేను.

రెండో ఏడు ముందే అడిగాం ఎలా చేద్దాం అని. కేకు వద్దంది. పరమాన్నం, మా నలుగురం, పేరు చెక్కిన కంచం. తేదీ కూడా కావాలంటే తనే ఇంకోటి ఎంచుకోవచ్చు ఇంటి వరకు, కాగితాల్లో ఉన్నది కాగితాల్లో ఉంటుంది. ఇంటికి వచ్చిన రోజుని జరపాలా వద్దా అనేది కూడా తననే అడగండి, అది మనకి పండగ రోజు, తనకి స్నేహితుల్ని వదిలి వచ్చిన రోజు కూడా.

స్టెప్ 8: చుట్టాలు, ఫోటోలు

ఫస్ట్ టైం ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఫోన్ తియ్యగానే ఆ పిల్లలు నవ్వేస్తారు, అది అలవాటు చేయించిన నవ్వు, తీసేవాళ్ళు వెళ్ళాక ఆగిపోతుంది. ఫోన్ లోపల పెట్టెయ్యండి. కావాలంటే తన చేతికివ్వండి, తనే తీస్తుంది. మా పంటి ప్రయాణం ఫోటోలన్నీ జనం చెప్పులు, తాళ్ళు, ఒక మేక. అవే మాకు ఆల్బమ్.

చుట్టాలకి పెళ్ళికి తీసుకెళ్ళే ముందే ఫోన్ చేసి చెప్పండి, "పాపని ఎక్కడ్నుంచి తెచ్చారు, అసలు అమ్మానాన్న ఎవరు" అని తన ఎదురుగా అడగొద్దని. అయినా అడిగేవాళ్ళు అడుగుతారు. ఒక జవాబు ఇంట్లోనే ప్రాక్టీస్ చేసుకోండి. మాది: "మా అమ్మాయండి, ఆరో క్లాసు." అంతే, తర్వాత మాట మార్చెయ్యడం.

స్టెప్ 9: సంతోషం మధ్యలో ఏడిస్తే

ఇది జరుగుతుంది, రెడీగా ఉండండి. ఎండాకాలం తాటిముంజలు తెచ్చాం, బొటనవేలు పెట్టి నీళ్ళు చిందకుండా తినడం మా ఆయన నేర్పిస్తున్నారు, పకపకా నవ్వుతోంది, ఉన్నట్టుండి లేచి లోపలికి పోయి ఏడుపు. హోమ్‌లో తన పక్కన పడుకునే చిన్నపిల్ల గుర్తొచ్చింది. నేను తింటున్నాను, అది తినలేదు అని. "ఇప్పుడు మేమున్నాం కదా, అవన్నీ మర్చిపో" అనకండి, ఎప్పటికీ అనకండి. ఆ చెల్లి పేరు అడగండి, ఎలా ఉండేదో చెప్పమనండి. మేం హోమ్ వాళ్ళని అడిగి, వాళ్ళు సరే అన్నాక గెలంతా ముంజలు పట్టుకెళ్ళాం. అక్కడికి వెళ్ళేముందు కూడా కాగితం మీద బొమ్మలు గీశాం, చివరి ఇల్లు ఆ రోజు రెండుసార్లు గీసుకుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం, తనని తాను గాయపరుచుకోవడం లాంటివి ఉంటే మాత్రం ఇంటి చిట్కాలతో కూర్చోకుండా పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఎవరిని కలవాలో తెలీకపోతే జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళని అడగొచ్చు.

స్టెప్ 10: రెండోసారి

నన్నడిగితే ఈ మొత్తంలో అసలైన స్టెప్ ఇదే, చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఆ పిల్లలకి ఫస్ట్ టైంలు తక్కువేం కాదండి. ఎవరో వచ్చి ఒకసారి బీచ్‌కి తీసుకెళ్తారు, ఒకసారి ఐస్‌క్రీమ్ పెడతారు, ఒకసారి కొత్త బట్టలు ఇస్తారు, మళ్ళీ కనపడరు. ప్రతి ఫస్ట్ టైమూ లాస్ట్ టైమే. అందుకే మన మొదటిసారికి వాళ్ళు పొంగిపోరు, పొంగిపోయినట్టు కనపడితే అది మర్యాద. రెండోసారి అదే పంటి, అదే కొట్టు, అదే బెంచీ, అదే మిరపకాయ బజ్జీ. అప్పుడు మొహంలో ఏదో సడలుతుంది, మీకే తెలుస్తుంది.

కాబట్టి కొత్త చోట్ల లిస్టు పెంచకండి. నెలకి ఒక్క కొత్తది, మిగతా ఆదివారాలన్నీ పాతవే. వచ్చేటప్పుడే "మళ్ళీ ఎప్పుడొద్దాం" అని క్యాలెండర్ మీద తేదీ గుండ్రం చుట్టండి, ఆ తేదీ తప్పకండి. తప్పాల్సి వస్తే, మా ఆయనకి జ్వరం వచ్చి ఒకసారి తప్పింది, కొత్త తేదీ ఆ రోజే చుట్టాలి.

స్టెప్ 11: తను మీకు చూపించే ఫస్ట్ టైం

ఆ పిల్లలకి మనకి రానివి చాలా వచ్చు. మా అమ్మాయికి చీకట్లో చిన్నపిల్లల్ని జోకొట్టే కథలు వచ్చు, నలభై జతల బట్టలు అరగంటలో మడత పెట్టడం వచ్చు. నేర్పించమని అడగండి, పక్కన కూర్చుని నేర్చుకోండి.

పోయిన నెల రాజమండ్రిలో బట్టల షాపుకి వెళ్ళాం. మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్ళు, ఎస్కలేటర్ ఎప్పుడూ ఎక్కలేదు. ముందురోజు రాత్రి మా అమ్మాయి మామ్మ మంచం మీద కాగితం పెట్టి బొమ్మలు గీసింది: ఇల్లు, బస్సు, షాపు, కదిలే మెట్లు, పక్కన లిఫ్టు, బాత్రూమ్, చివర్లో ఇల్లు. షాపులో ముందు ఎక్కనివ్వలేదు, కింద కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కేవాళ్ళని, దిగేవాళ్ళని చూపించింది పది నిమిషాలు. తర్వాత చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళింది. మా అత్తయ్యగారు కాలు పైకెత్తి, మళ్ళీ కింద పెట్టి, చెయ్యి రెండుసార్లు నొక్కారు. ఏం పర్లేదు మామ్మా అని కూడా అనలేదు, వెంటనే వెనక్కి తిప్పి లిఫ్టులో తీసుకొచ్చింది. ఇంటికొచ్చాక క్యాలెండర్ తెచ్చి వచ్చే నెల రెండో ఆదివారం చుట్టూ గుండ్రం గీసి, పక్కన "మామ్మ, మెట్లు" అని రాసింది.